అన్నీ ఉన్నా తృప్తి లేదంటే: యూదుల ఇళ్లలో విన్నవి, చదివినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఉద్యోగం ఉంది, సొంత ఫ్లాట్ ఉంది, ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, అయినా తృప్తి లేదు. రోజూ రాత్రి మూడు మంచి విషయాలు రాసుకునే డైరీ మొదలుపెట్టి, కొన్నాళ్లకు రాయడానికి ఏమీ తోచక మానేశారు. ఈ మధ్య ఎవరో యూదుల మేక కథ చెప్పారు. అసలు కృతజ్ఞత గురించి, తృప్తి గురించి యూదు మతం ఏం చెబుతుంది, యూదులం కాని మనం అందులోంచి ఏమైనా తీసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

నేను యూదుణ్ణి కాను. నిజామాబాద్ వైపు నుంచి ఇజ్రాయెల్ వెళ్లి వృద్ధులను చూసుకునే కేర్‌గివర్ పని చేసిన తెలుగువాళ్లలో ఒకణ్ణి. ఎక్కువ కాలం జెరూసలేంలో, మతనిష్ఠ గట్టిగా ఉన్న ఇళ్లలో గడిపాను. పెద్దాయనకు స్నానం చేయించడం, వేళకు మందులు ఇవ్వడం, వీల్‌చెయిర్‌లో యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగ్‌కు తీసుకెళ్లడం నా పని. అందువల్ల వాళ్ల ప్రార్థనలు నాకు పుస్తకాల కంటే ముందు చెవుల్లో పడ్డాయి. తర్వాత ఆసక్తి పుట్టి మిష్నా (పాత యూదు పండితుల బోధల సంకలనం), తల్ముద్ (దాని మీద పండితుల చర్చలు) అనువాదాలు చదివాను, అర్థం కానివి ఇంట్లోవాళ్లను విసిగించి అడిగాను. రబ్బీ, అంటే యూదు మతగురువు, అయితే ఇంకోలా చెప్పవచ్చు. నాకు తెలిసినంత నేను చెబుతాను.

ముందు ఆ మేక కథ సంగతి. ఇరుకు ఇల్లు, నిండా పిల్లలు, అత్తమామలు. ఊపిరాడటం లేదని ఒకాయన రబ్బీ దగ్గర మొరపెట్టుకుంటాడు. కోళ్లను ఇంట్లోకి తెచ్చుకో అంటాడు రబ్బీ. వారం తిరగ్గానే మేకను కూడా తెచ్చుకో అంటాడు. ఇల్లు నరకం అయ్యాక, ఇప్పుడు అన్నిటినీ బయటికి తోలేయ్ అంటాడు. మర్నాడు ఆయన పరుగెత్తుకొచ్చి, ఇల్లు ఎంత విశాలంగా ఉందో అని మురిసిపోతాడు. తూర్పు యూరప్ యూదులు యిడ్డిష్ భాషలో చెప్పుకున్న జానపద కథ ఇది. నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ తృప్తికి దారిగా నాకు నచ్చదు. మేక కంపు గుర్తున్నన్నాళ్లే ఆ విశాలం. "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లను చూసి సంతోషపడు" అని మనవాళ్లు ఇచ్చే సలహా కూడా ఈ కోవలోదే. యూదుల రోజువారీ ఆచారంలో నేను చూసింది వేరు. అందులో ఎవరితోనూ పోల్చుకోవడం లేదు. చేతిలో ఉన్నదాని దగ్గర ఒక్క క్షణం ఆగి, నోటితో ఒక మాట అంటారు. అంతే.

ఆ మాటను బ్రాఖా అంటారు, దేవుణ్ణి స్తుతించే చిన్న వాక్యం. మనసులో కృతజ్ఞత పొంగాక అనాలని ఎదురుచూడరు. మాట ముందు వస్తుంది. భావం ఇవాళ వస్తే వచ్చింది, లేకపోతే రేపు వస్తుంది. మీ డైరీకీ దీనికీ పెద్ద తేడా ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. మీరు రాత్రి కూర్చుని రోజంతా వెతికి మంచిని పట్టుకోవాలని చూశారు. వీళ్లు మంచి జరుగుతున్న నిమిషంలోనే పేరు పెట్టి పిలుస్తారు.

పొద్దున్న కళ్లు తెరవగానే, ఇంకా పక్క మీద ఉండగానే, "మోదే అనీ" అనే వాక్యం చెబుతారు. హీబ్రూలో 12 మాటలే. దయతో నా ప్రాణాన్ని నాకు తిరిగి ఇచ్చినందుకు కృతజ్ఞుణ్ణి, నీ నమ్మకం గొప్పది అని భావం. ఇంకో రోజు చేతికిచ్చాడంటే దేవుడు మన మీద నమ్మకం పెట్టుకున్నట్టే కదా అని వివరిస్తారు. ఇందులో దేవుడి పేరు రాదు, కాబట్టి చేతులు కడుక్కోకముందే అనవచ్చు. 16వ శతాబ్దంలో గలిలయ కొండల్లోని సఫేద్‌లో ఉన్న మోషే బెన్ మఖీర్ అనే రబ్బీ దీన్ని తన పుస్తకంలో రాశాడు. మతిమరుపు ముదిరి కొడుకు పేరు కూడా తడుముకునే పెద్దాయన ఈ వాక్యాన్ని మాత్రం పొద్దున్నే తడబడకుండా అనేవాడు. చిన్నప్పుడు తల్లి నేర్పిన మాట ఎంత లోతుకు వెళ్తుందో ఆయన్ని చూస్తే తెలిసేది.

దీనికంటే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది మరుగుదొడ్డి నుంచి బయటికి వచ్చాక చెప్పే బ్రాఖా. అవును, దానికీ ఒకటుంది, పేరు "అషెర్ యత్సార్". చాలా ఇళ్లలో బాత్రూమ్ పక్క గోడకు ఫ్రేమ్ కట్టి తగిలిస్తారు, ఆసుపత్రుల్లో కూడా కనిపిస్తుంది. మొదట్లో నాకు నవ్వొచ్చింది. మన ఇళ్లలో దేవుడి మాటకీ ఆ గదికీ ఆమడ దూరం ఉంటుంది కదా. తర్వాత అర్థం అడిగి తెలుసుకున్నాను. మనిషిని జ్ఞానంతో మలిచావు, అతనిలో రంధ్రాలు పెట్టావు, ఖాళీలు పెట్టావు. వీటిలో ఏ ఒక్కటి తెరుచుకుపోయినా, ఏ ఒక్కటి మూసుకుపోయినా నీ ముందు నిలబడి బతకడం సాధ్యం కాదు అని అందులో ఉంది. తల్ముద్‌లోని బెరాఖోత్ భాగంలో, 4వ శతాబ్దంలో బాబిలోనియాలో జీవించిన అబాయే అనే పండితుడి పేరుతో ఈ మాటలు ఉన్నాయి.

నా పనిలో ఎక్కువ భాగం శరీరంలోని ఆ తెరుచుకునేవీ మూసుకునేవీ చుట్టూనే తిరిగేది. కాథెటర్ బ్యాగ్ మార్చడం, డయాలసిస్‌కు తీసుకెళ్లడం, మలబద్ధకానికి మందు. మూత్రం బిగిసిపోయి అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తిన ఇంట్లో ఈ ప్రార్థన గొప్పతనం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆరోగ్యం పోయాక దాని విలువ తెలుస్తుందని అందరం అంటాం. ఈ బ్రాఖా అదే విషయాన్ని, పోకముందే, రోజుకు అయిదారుసార్లు నోటితో అనిపిస్తుంది. యూదు ఆచారాల్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. ఇది అనాలంటే మంచి రోజు అవసరం లేదు, సెలవు అవసరం లేదు, ఇంట్లో ఎవరితోనూ సఖ్యంగా కూడా ఉండక్కర్లేదు. శరీరం పనిచేస్తే చాలు.

తిండి దగ్గర ఇంకా వివరం ఉంది. రొట్టెకు ఒక వాక్యం, ద్రాక్షరసానికి ఒకటి, చెట్టున కాసే పండ్లకు ఒకటి, నేలలో పండేవాటికి ఒకటి, గోధుమ పిండివంటలకు ఒకటి, నీళ్లు, పాలు, మాంసం, గుడ్ల వంటి వాటికి ఇంకొకటి. అరటిపండుకు చెట్టుపండు బ్రాఖా చెప్పరు, నేలపంట బ్రాఖా చెబుతారు. ఏటేటా కాసే కాండం ఉండదు కాబట్టి అరటి వాళ్ల లెక్కలో చెట్టు కాదు. మన అన్నం సంగతి ఇంకా తమాషా. తినేముందు పిండివంటలకు చెప్పే వాక్యమే, తిన్నాక మాత్రం మామూలు పదార్థాలకు చెప్పేది. దీని మీద తల్ముద్‌లో చర్చ ఉంది. నేను అన్నం కలుపుకుంటుంటే పెద్దాయన మనవడు ఆ చర్చ నాకు చెప్పేవాడు, అన్నం చల్లారిపోయేది.

మొదట్లో ఇదంతా చాదస్తం అనిపించింది. కానీ గమనించండి, ప్లేటులోకి చూడకుండా ఏ వాక్యం చెప్పాలో తేల్చుకోలేరు. ఇది చెట్టుదా, నేలదా, పిండిదా అని ఒక్క క్షణం ఆలోచించాలి. ఫోన్ చూస్తూ నోట్లో కుక్కుకోవడం కుదరదు. బెరాఖోత్‌లోనే ఒక గట్టి మాట ఉంది: బ్రాఖా చెప్పకుండా ఈ లోకంలో దేన్నైనా అనుభవించినవాడు దేవుడికి అంకితమైన సొత్తును వాడుకున్నట్టే. గుడి మాన్యం తిన్నట్టు అంటే మనకు వెంటనే అర్థమవుతుంది. ఆ పక్కనే రబ్బీలు ఒక చిక్కు విప్పుతారు. బైబిల్ కీర్తనల్లో ఒకచోట భూమి దేవుడిదని ఉంది, ఇంకోచోట భూమిని మనుషులకు ఇచ్చాడని ఉంది. రెండూ ఎలా నిజం? బ్రాఖా చెప్పకముందు దేవుడిది, చెప్పాక నీది.

ఇదే తల్ముద్ భాగంలో బెన్ జోమా అనే పండితుడి మాటలు ఉన్నాయి. జెరూసలేంలో ఆలయానికి వచ్చిన జనసముద్రాన్ని చూసి ఆయన ఇలా అనుకునేవాడట: ఆదాము ఒక్క రొట్టె ముక్క తినడానికి ఎంత కష్టపడ్డాడో! దున్నాడు, విత్తాడు, కోశాడు, నూర్చాడు, తూర్పారబట్టాడు, తిరగలిలో విసిరాడు, జల్లించాడు, పిసికాడు, కాల్చాడు, అప్పుడు తిన్నాడు. నేను పొద్దున్నే లేచేసరికి ఇదంతా సిద్ధంగా ఉంది. బట్టల గురించి కూడా ఇలాగే అంటాడు. ఆ వెంటనే రెండు రకాల అతిథుల గురించి చెబుతాడు. మంచి అతిథి "ఇంటాయన నా కోసం ఎంత మాంసం, ఎంత ద్రాక్షరసం, ఎన్ని రొట్టెలు తెచ్చాడు, ఇదంతా నా కోసమే కదా" అంటాడు. చెడ్డ అతిథి "నేను తిన్నది ఒక రొట్టె, ఒక మాంసం ముక్క, తాగింది ఒక గిన్నె. ఆయన పడ్డ శ్రమంతా తన పెళ్లాం పిల్లల కోసమేలే" అంటాడు. పెళ్లి భోజనం చేసి వస్తూ దారిలో మనం మాట్లాడుకునే మాటలు గుర్తొస్తున్నాయా? నాకైతే వచ్చాయి.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. తృప్తి అంటే కోరికలు చంపుకోవడం, సుఖాలకు దూరంగా ఉండటం అని యూదు మతం అనదు. ద్రాక్షరసం మానేస్తానని వ్రతం పట్టినవాడు గడువు ముగిశాక పాపపరిహార బలి ఇవ్వాలని తోరాలో (యూదుల మూల ధర్మశాస్త్రం, బైబిల్‌లో మొదటి అయిదు పుస్తకాలు) ఉంటే, హాయిగా తాగగలిగినదాన్ని కాదనుకున్నందుకే అది అని ఒక రబ్బీ వ్యాఖ్యానించాడు. జెరూసలేం తల్ముద్‌లో ఇంకో మాట ఉంది: కంటికి కనబడి, తినగలిగి ఉండీ తినని ప్రతిదానికీ మనిషి లెక్క చెప్పుకోవాలి. రబ్బీ ఎలాజర్ పేదవాడు. అయినా చిల్లర డబ్బులు కూడబెట్టి, ఏడాదికొకసారి ప్రతి రకం కొత్త పండూ కొనుక్కు తినేవాడట. కొత్త పండుకు, కొత్త బట్టకు, పండుగకు "షెహెఖియాను" అనే వాక్యం ఉంది. ఈ కాలం దాకా మమ్మల్ని బతికించి తెచ్చినందుకు స్తుతి అని దాని భావం. ఏడాదిలో మొదటి మామిడిపండు కోసినప్పుడు మనసులో కలిగేది ఇదే కదా.

రోజుకు కనీసం 100 బ్రాఖాలు చెప్పాలని 2వ శతాబ్దపు రబ్బీ మేయిర్ అన్నాడు. వినడానికి భయంగా ఉంటుంది కానీ మూడు పూటల ప్రధాన ప్రార్థనలోనే 57 అయిపోతాయి. మిగతావి తిండి, నిద్ర, శరీరం చుట్టూ అల్లుకుంటాయి. ఉరుము విన్నా, ఇంద్రధనుస్సు చూసినా, వసంతంలో పండ్లచెట్టు పూత చూసినా ఒకటుంది. దగ్గరి స్నేహితుణ్ణి నెల తర్వాత చూస్తే షెహెఖియాను, ఏడాది తర్వాత చూస్తే చనిపోయినవాళ్లను బతికించే దేవుడికి స్తుతి! ఈ చివరిది నాకు చాలా ఇష్టం.

మరి రోజుకు వందసార్లు అంటే యాంత్రికం అయిపోదా అని మీరు అడగవచ్చు. అవుతుంది. గొణుక్కుంటూ, టైమ్ చూసుకుంటూ చెప్పేవాళ్లను బోలెడుమందిని చూశాను. ఆ ఇళ్లలో కూడా అసంతృప్తి ఉంది, ఆస్తి తగాదాలు ఉన్నాయి, కోడలి వంటకు వంకలు ఉన్నాయి. కానీ నూటిలో తొంభై పెదవుల మీదే జారిపోయినా, ఏదో ఒకటి ఒక్కోసారి లోపలికి దిగడం కూడా చూశాను. అలా దిగడానికి తలుపు తెరిచి ఉంచే పని ఆ తొంభై చేస్తాయి.

అన్నీ ఉన్నా ఎందుకు కనబడవు అన్న మీ అసలు బాధకు, నేను చదివినవాటిలో మంచి సమాధానం 11వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఉన్న యూదు పండితుడు బహ్యా ఇబ్న్ పకూదా ఇచ్చాడు. ఆయన అరబ్బీలో రాసిన పుస్తకం తర్వాత "హృదయ ధర్మాలు" అనే అర్థం వచ్చే హీబ్రూ పేరుతో ప్రసిద్ధమైంది. మనిషి తనకు అందిన మేలును చూడలేకపోవడానికి మూడు కారణాలు చెప్పాడు. ఒకటి, ఎప్పుడూ తర్వాతిదాని వెంట పరుగెత్తడం: చేరినకొద్దీ ఇంకొకటి కావాలి, అందినది చిన్నదైపోతుంది. రెండు, పుట్టినప్పటి నుంచి ఆ మేళ్ల మధ్యే పెరగడం: అవి తన శరీరంలో భాగం అనుకుంటాడు. మూడు, లోకంలో తగిలిన దెబ్బలు, నష్టాలు: వాటి బాధలో మిగతాది కూడా మేలేనన్న సంగతి మరుగున పడిపోతుంది.

రెండోదానికి ఆయన ఒక కథ చెబుతాడు. ఒకాయన ఎడారిలో పడేసిన పసిబిడ్డను తెచ్చి, తిండీ బట్టా ఇచ్చి పెంచి పెద్దచేశాడు. తర్వాత శత్రువుల చేతిలో ఆకలితో, బట్టల్లేకుండా మగ్గుతున్న ఒక ఖైదీని డబ్బు కట్టి విడిపించి, బిడ్డకు చేసినదానిలో కొంత మాత్రమే అతనికి చేశాడు. ఖైదీ జన్మంతా కృతజ్ఞతతో ఉన్నాడు. బిడ్డకు అలాంటిదేమీ లేదు, తెలివి వచ్చేసరికే అన్నీ అందుతున్నాయి కదా. మీరు చెప్పినదాన్ని బట్టి మీ ఇబ్బంది మొదటి రెండు కారణాల్లోనే ఉందని నా అంచనా.

తోరా కూడా ప్రమాదాన్ని ఆకలి దగ్గర కంటే కడుపు నిండిన దగ్గరే చూస్తుంది. ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయంలో, తిని తృప్తి పొంది దేవుణ్ణి స్తుతించాలని చెప్పిన వెంటనే హెచ్చరిక వస్తుంది: కడుపారా తిని, మంచి ఇళ్లు కట్టించి కాపురముండి, వెండి బంగారాలు పెరిగాక నీ మనసు గర్వించి మరచిపోతావేమో జాగ్రత్త. మంచి ఇల్లు అన్న మాట దగ్గర మీ ఫ్లాట్ గుర్తొచ్చింది, ఏమీ అనుకోకండి. భోజనం తర్వాత చెప్పే పెద్ద ప్రార్థన ఈ వాక్యం నుంచే వచ్చింది. తోరా ప్రకారం కడుపు నిండితేనే అది చెప్పాలి. రబ్బీలు మాత్రం ఆలివ్ కాయంత రొట్టె తిన్నా చెప్పాలని పెట్టారు. నిండాకే థాంక్స్ చెబుతానంటే ఎప్పటికీ నిండదని వాళ్లకు తెలిసి ఉండాలి.

మనుషుల విషయానికి వస్తే, చేసిన మేలును గుర్తించడాన్ని "హకరత్ హతోవ్" అంటారు. తోరాలో ఐగుప్తు (ఈజిప్టు) మీదికి దేవుడు పంపిన తెగుళ్లు వచ్చినప్పుడు నైలు నీళ్లను కర్రతో కొట్టింది యూదుల ప్రవక్త మోషే కాదు, ఆయన అన్న అహరోను. ఎందుకు? పసిబిడ్డగా ఉన్నప్పుడు మోషేను ఆ నదే కాపాడింది కాబట్టి. నదికి తెలియదు కదా అంటే, నదికి తెలియకపోయినా కొట్టే చెయ్యి అలవాటు పడుతుంది అని మా పెద్దాయన కూతురు చెప్పింది. నీళ్లు తాగిన బావిలో రాయి వేయకు అని తల్ముద్‌లో సామెత కూడా ఉంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు మరి.

సినగాగ్‌లో ప్రార్థన నడిపించే వ్యక్తి అందరి తరఫున ప్రార్థనను మళ్లీ పైకి చదువుతాడు, జనం "ఆమేన్" అంటూ వింటారు. కృతజ్ఞత చెప్పే భాగం రాగానే మాత్రం అందరూ వంగి ఎవరి వాక్యం వాళ్లు అంటారు. కోరికలు మన తరఫున ఇంకొకరు అడగవచ్చు, కృతజ్ఞత మాత్రం స్వయంగా చెప్పాల్సిందేనని 14వ శతాబ్దపు సెవిల్ పండితుడు అబుదర్హం దీనికి కారణం చెప్పాడు. ఇంట్లో వంటకు "బాగుంది" అని మన తరఫున పిల్లలు చెబితే సరిపోదు.

తోరాలోని ఆదికాండంలో ఉన్న లేయా కథ కూడా చెప్పాలి. భర్త యాకోబుకు చెల్లెలు రాహేలు మీదే ప్రేమ. మొదటి ముగ్గురు కొడుకులు పుట్టినప్పుడు, ఇప్పుడైనా నా భర్త నన్ను ప్రేమిస్తాడు అన్న ఆశ లేయా పెట్టిన పేర్లలోనే వినిపిస్తుంది. నాలుగోవాడు యూదా పుట్టినప్పుడు మాత్రం, ఈసారి దేవుణ్ణి స్తుతిస్తాను అంటుంది. ఏం మారింది? 12 మంది కొడుకులు, నలుగురు తల్లులు, తలా ముగ్గురు అన్నది లెక్క, నాలుగోవాడు తన వాటాకు మించి వచ్చాడు అని రబ్బీల వ్యాఖ్య. హక్కుగా రావాల్సిందే వచ్చిందని అనుకున్నంతకాలం కృతజ్ఞత పుట్టదు. ఆమె భర్త ప్రేమ కొరత తీరలేదు, గమనించారా? కొరత అలాగే ఉండగానే ఆ మాట అంది.

ఇక తృప్తి. "ధనవంతుడు ఎవరు? తన వాటాతో సంతోషించేవాడు" అన్నది మిష్నాలో చాలామంది ఉదాహరించే మాట, ఇదీ బెన్ జోమాదే. నాకు దీనికంటే బైబిల్‌లోని ప్రసంగి గ్రంథం మీద రబ్బీల వ్యాఖ్యలోని లెక్క నచ్చుతుంది: ఏ మనిషీ తన కోరికల్లో సగం కూడా తీర్చుకుని పోడు, వంద ఉంటే రెండు వందలు కావాలంటాడు. అంటే వంద సంపాదించాక కూడా సగమే అందినట్టు ఉంటుంది. జీతం పెరిగినప్పుడల్లా లోటు కూడా పెరిగినట్టు ఎందుకు అనిపిస్తుందో ఈ లెక్కలో ఉంది.

అయితే సంతోషించు అంటే సంతోషించేస్తామా? దీనికి వాళ్ల దగ్గరున్న అసలు సాధనం షబ్బాత్ అని నా అభిప్రాయం. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు నుంచి శనివారం చీకటి పడేదాకా పని లేదు, వంట లేదు, డబ్బు ముట్టుకోరు, ఫోన్ లేదు, బండి లేదు. ఇది విశ్రాంతి అని అందరికీ తెలుసు. తక్కువ మందికి తెలిసిన రెండు సంగతులు చెబుతాను. ఒకటి, షబ్బాత్ వచ్చేసరికి నీ పనంతా పూర్తయినట్టే నీకు కనిపించాలి అని పాత వ్యాఖ్యానం. పూర్తి కాదని అందరికీ తెలుసు. అయినా అయిపోయినట్టే ఉండాలి. ఆదివారం ఆఫీసు సంగతి మాట్లాడటం కూడా కూడదు.

రెండోది ఇంకా గొప్పది. మామూలు రోజుల ప్రార్థనలో 19 భాగాలు ఉంటాయి. అందులో మధ్యలో ఉన్న 13 కోరికలు: జ్ఞానం, ఆరోగ్యం, పంటలు, న్యాయం వగైరా. షబ్బాత్ రోజు ఆ 13 తీసేస్తారు. ఇంట్లో రోగి ఉన్నవాడికి ఆరోగ్యం కోరే చోట ఆ సంగతి గుర్తొచ్చి, ఆ రోజు కూడా బాధగా గడుస్తుందని కారణం చెబుతారు. అంటే వారానికి ఒకరోజు దేవుణ్ణి కూడా ఏమీ అడగరు. కేన్సర్ ఉన్న ఇంట్లో కూడా ఇలాగే చేశారు, నేను చూశాను. మిగతా ఆరు రోజులు కన్నీళ్లతో అడిగిన మనిషి ఏడో రోజు అడగడం ఆపేస్తే ముఖంలో వచ్చే మార్పు నేను మాటల్లో పెట్టలేను. ఎడారిలో ఆకాశం నుంచి కురిసిన మన్నా అనే ఆహారం కథ వెనక కూడా ఈ శిక్షణే ఉంది. దాచుకుంటే పురుగులు పట్టేది, షబ్బాత్ కోసం శుక్రవారం ఏరిన రెండింతలు మాత్రం పాడయ్యేది కాదు.

ఇతరుల ఫోటోలు చూసి మనసు పాడవుతోందని మీరు అన్నారు. తోరాలోని పది ఆజ్ఞల్లో, ఇతరులదాన్ని ఆశించకు అనే పదో ఆజ్ఞ మీద 12వ శతాబ్దపు యూదు పండితుడు ఇబ్న్ ఎజ్రా ఇలా అడుగుతాడు: మనసులో పుట్టే ఆశను ఆజ్ఞతో ఎలా ఆపగలం? ఆయనే జవాబు చెబుతాడు: తెలివైన పల్లెటూరి మనిషి రాజుగారి కూతురు ఎంత అందగత్తె అయినా పెళ్లాడాలని కలగనడు, అది తనకు సంబంధించింది కాదని అతనికి తెలుసు. ఈ ఉదాహరణ ఈ కాలానికి సగమే పనిచేస్తుంది. ఇప్పుడు ఫోన్‌లో కనిపించేవాడు రాజు కాదు, మీ బ్యాచ్‌మేటే. అందుకే ఇబ్న్ ఎజ్రా కంటే షబ్బాత్ మేలు అంటాను, ఆ ఒక్కరోజు ఫోటోలే కనబడవు.

కష్టాల్లో ఉన్నప్పుడు కూడా కృతజ్ఞత చూపాలా? చెడు వార్త విన్నా ఒక బ్రాఖా ఉంది, న్యాయమైన తీర్పరివి నువ్వు అని. కానీ నవ్వుతూ ఉండమని ఎవరూ అనరు. చావు జరిగితే ఏడు రోజులు నేల దగ్గరగా కూర్చుని ఏడవమంటారు, ఓదార్చడానికి వచ్చినవాడు ముందు నోరు తెరవకూడదు. తల్ముద్‌లో రబ్బీ యోహానాన్ జబ్బుపడిన శిష్యుణ్ణి చూడటానికి వెళ్లి, ఈ బాధలు నీకు ప్రీతిగా ఉన్నాయా అని అడుగుతాడు. అవీ వద్దు, వాటి ప్రతిఫలమూ వద్దు అంటాడు శిష్యుడు. యోహానాన్ మందలించలేదు. చెయ్యి ఇవ్వు అని లేపుతాడు. తర్వాత యోహానాన్‌కే జబ్బు చేస్తే ఇంకొకరు వచ్చి లేపాలి, ఖైదీ తనను తాను విడిపించుకోలేడు కాబట్టి. బాధలో ఉన్నవాడికి "ఉన్నదానికి సంతోషించు" అని చెప్పేవాళ్లకు ఈ కథ చూపించాలి.

మన దేశంలోనే ఇలాంటి కృతజ్ఞత ఆచారం చూడాలంటే కొంకణ్ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదుల మలీదా ఉంది. మొక్కు తీరినా, గృహప్రవేశమైనా, జబ్బు నయమైనా నానబెట్టిన అటుకుల్లో కొబ్బరి, చక్కెర, డ్రైఫ్రూట్స్ కలిపి, చుట్టూ పండ్లు పేర్చి, ఏలీయా ప్రవక్తను తలుచుకుని అందరూ పంచుకు తింటారు. పళ్లెం చూస్తే మన ఇంటి ప్రసాదంలాగే ఉంటుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిం యూదులుగా చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయి, చిన్న సినగాగ్ కూడా ఉంది.

మీరు ఏం చేయవచ్చు అంటారా? షబ్బాత్‌ను తమలా పూర్తిగా పాటించమని యూదు మతం ఇతరులను అడగదు, నిజానికి వద్దంటుంది. కాబట్టి కొవ్వొత్తులు, హీబ్రూ మంత్రాలు అనుకరించకండి. పద్ధతి తీసుకోండి, మాటలు మీవి పెట్టుకోండి. డైరీ పక్కన పెట్టేయండి. రోజులో ఎలాగూ జరిగే రెండు పనులు ఎంచుకుని, ఒక్కోదానికి ఒక వాక్యం తగిలించండి. మొదటి ముద్ద ముందు ఒకటి, బాత్రూమ్ తలుపు దగ్గర ఒకటి అని నా సలహా. వాక్యం రోజూ ఒకటే ఉండాలి, కొత్తది ఆలోచించే పని పెట్టుకుంటే మళ్లీ డైరీ కథే. పైకి అనండి, పెదవులు కదలాలి. వారంలో ఒక సాయంత్రం ఫోన్ బీరువాలో పెట్టి, ఆ కొన్ని గంటలు ఈఎమ్‌ఐ గురించి, ప్రమోషన్ గురించి ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని ముందే మాట్లాడుకోండి. ఇంట్లోవాళ్లను అడగకుండా మీరొక్కరే నియమం పెడితే అది వాళ్లకు శిక్ష అవుతుంది. భార్యతో మాట్లాడాకే మొదలుపెట్టండి.

ఇంకో విషయం. అసంతృప్తితో పాటు నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం వారాల తరబడి ఉంటే అది కృతజ్ఞత లోపం కాదు, డాక్టరును కలవండి. ఈ విషయంలో మొహమాటం వద్దు. నయం చేయడానికి వైద్యుడికి తోరాయే అనుమతి ఇచ్చిందని తల్ముద్ చెబుతుంది. మా పెద్దాయన బీపీ బిళ్ల వేసుకునే ముందు కూడా, ఇది నాకు నయం చేయుగాక అని ఒక చిన్న ప్రార్థన అనేవాడు, బిళ్ల మాత్రం ఒక్కపూట కూడా మానేవాడు కాదు.